కోటలో గుడి, గుడే కోట
(దుగరాజపట్నం తీరం నుంచి చెన్నపట్నం సెయింట్ మేరీ చర్చి దాకా)



ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక చారిత్రక వ్యాసం వ్రాసి యివ్వవలసిందని మన సంఘ కార్యదర్శిగారు కోరినపుడు మొదట సందేహించాను. నేను చరిత్ర పండితుణ్ణి కాను. ముప్పై యేళ్లకు పైగా రెవెన్యూ శాఖలో అడంగళ్లూ, చిట్టాలూ, రిజిస్టర్లూ వ్రాసిన గుమస్తాను. అయితే రిజిస్టరు వ్రాసినవాడికి ఒక అలవాటు మిగిలిపోతుంది. ఎక్కడికి వెళ్లినా ఎవరి పేరు ఎక్కింది, ఎవరి పేరు ఎక్కలేదు అని చూస్తాడు. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

మా తోటపల్లి గూడూరు సముద్రానికి దగ్గర ఊరు. సరుగుడు తోపులు, వరి మళ్లు, ఈమధ్య కాలంలో రొయ్యల గుంటలు, ఆ వెనుక ఇసుక, ఆ వెనుక నీళ్లు. ఈ తీరం వెంటే దక్షిణానికి పోతే కృష్ణపట్నం, ఇంకా పోతే దుగరాజపట్నం, ఆపైన పులికాట్ సరస్సు, అది దాటితే చెన్నపట్నం. ఒకప్పుడు బకింగ్‌హాం కాలువ మీద పడవలు ఈ దారినే కట్టెలూ, ఉప్పూ, ధాన్యమూ వేసుకొని మద్రాసు చేరేవి. మద్రాసు మనకు పరాయి ఊరు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రికార్డు రూములో పాత కట్టలు విప్పితే "ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్" అని అచ్చు వేసిన కాగితాలు బయటపడేవి. "కోట నుంచి వచ్చిన ఆర్డరురా అబ్బాయీ, జాగ్రత్తగా పెట్టు" అని మా పెద్ద గుమస్తాగారు హెచ్చరించేవారు. ఆ కోట ఏమిటో, అందులో ఏముందో చూడాలన్న కోరిక నాకు అప్పటి నుంచి ఉంది. అది తీరేసరికి డెబ్భై దాటాయి.

ఆ కోటలో నేను చూసిన కట్టడాల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది సెయింట్ మేరీ చర్చి. అది ప్రార్థనా మందిరమే, కానీ కట్టడం మాత్రం మందుగుండు గిడ్డంగి కట్టినట్లు కట్టారు. దేవుడి ఇంటికి అంత గోడ ఎందుకు కావలసివచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే కథ మన జిల్లా సముద్రపొడ్డునే మొదలవుతుంది.

దేవుడికి కోట గోడ

ప్రార్థన చేసుకొనే చోటుకు కోట గోడ కట్టడం ఇంగ్లీషువాళ్లు కొత్తగా కనిపెట్టినది కాదు. ఐరోపా ఖండంలో మధ్యయుగాల్లోనే ఈ పద్ధతి ఉంది. నేటి రుమేనియా దేశంలో ట్రాన్సిల్వేనియా అనే ప్రాంతం ఉంది. అక్కడ జర్మన్ భాష మాట్లాడే శాక్సన్ రైతులు 12వ శతాబ్దం నుంచి వచ్చి స్థిరపడ్డారు. వారిమీదకు ఒకప్పుడు తాతారులూ, తరువాత తురుష్కులూ దండెత్తి వచ్చేవారు. ఊరంతటికీ కోట కట్టుకొనే శక్తి రైతులకు ఎక్కడిది? అందుచేత ఊరి నడుమనున్న చర్చి చుట్టూ ఎత్తైన గోడ కట్టుకొన్నారు. దండు వస్తున్నదని తెలిస్తే పిల్లా జెల్లా, గొడ్డూ గోదా, గింజలతో సహా అందులో దూరి తలుపులు మూసుకొనేవారు. ప్రెజ్మెర్ అనే ఊరి చర్చి గోడ దాదాపు 40 అడుగుల ఎత్తు. ఆ గోడ లోపలివైపు తేనెపట్టు లాగా అంతస్తులు అంతస్తులుగా 270కి పైగా గదులున్నాయి. కుటుంబానికి ఒక గది. శాంతికాలంలో అందులో ధాన్యం దాచుకొనేవారు, యుద్ధకాలంలో కాపురమే అక్కడ. ఇటువంటి ఊళ్లు ఏడింటిని యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. అందులో బియెర్టాన్ 1993లోను, ప్రెజ్మెర్ మొదలైన తక్కినవి 1999లోను చేరాయి.

ఫ్రాన్సులో అల్బీ పట్టణంలో 1282లో మొదలుపెట్టి కట్టిన పెద్ద ఇటుక చర్చి ఇంకొక రకం. దాని గోడలు నున్నగా, నిటారుగా, పైకి సన్నని కిటికీలతో అచ్చం కోట లాగే ఉంటాయి. అక్కడ భయం బయటి శత్రువు గురించి కాదు. మతంలో భేదాలు వచ్చి రక్తపాతం జరిగిన ప్రాంతమది. అధికారం ఎవరిదో ఊరివారికి కనబడాలని కట్టిన గోడ అది.

మన దేశంలోనూ ఈ సంగతి ఎరుగనిది కాదు. శ్రీశైలం వెళ్లిన వారందరూ మల్లికార్జునస్వామి ఆలయం చుట్టూ ఉన్న ప్రాకారం చూసే ఉంటారు. పెద్ద పెద్ద రాళ్లతో కోట గోడ మాదిరి కట్టి, దాని మీద ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివలీలలు చెక్కారు. శ్రీరంగం ఏడు ప్రాకారాల గుడి. 1752లో ఫ్రెంచి దండు ఆ ప్రాకారాల్లో దూరి నిలిచి, చివరకు ఇంగ్లీషువారికి అక్కడే లొంగిపోయింది. 1781లో చిదంబరం గుడిలో హైదరాలీ మనుషులు పాగా వేస్తే, సర్ ఐర్ కూట్ అంతటి సేనాని దాన్ని పట్టబోయి పట్టలేక వెనక్కి తగ్గాడు. అంటే గుడి గోడ ఎవరి చేతికి చిక్కితే వారికి కోట అయింది. భక్తితో కట్టిన గోడకు ఫిరంగి బిగించడం తరువాతి వారి పని.

సెయింట్ మేరీ చర్చి అలా కాదు. అది మొదటినుంచీ గుండు దెబ్బను ఊహించుకొనే కట్టింది. పైగా మధ్యయుగపు చర్చి కాదు, 17వ శతాబ్దపుది. అయినా వెనకటి శాక్సన్ రైతుల భయమే దీని పునాదిలోనూ ఉంది.

మొదలు మన తీరంలోనే

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. వారికి కావలసినది మన నేతగాళ్ల బట్ట. అక్కడ గోల్కొండ అధికారులతో తగాదాలు, డచ్చివారితో పోటీ. డచ్చివారు అప్పటికే 1613లో పులికాట్‌లో గెల్డ్రియా అనే కోట కట్టుకొని కూర్చున్నారు. ఇంగ్లీషువారు ఉత్తరంగా కొంచెం జరిగి 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో దిగారు. ఆ చోటికి వారు పెట్టుకొన్న పేరు ఆర్మగాన్. వారికి సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరు మీద అది వచ్చిందని చెబుతారు. అక్కడ ఒక గిడ్డంగి కట్టి, చుట్టూ ఫిరంగులు పెట్టుకొన్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారు గోడ కట్టి ఫిరంగి ఎక్కించిన మొదటి చోటు చెన్నపట్నం కాదు, మన దుగరాజపట్నం. 12 ఫిరంగులు, చేతి వేళ్ల మీద లెక్కబెట్టదగినంతమంది ఉద్యోగులు, సిపాయిలు. అంతే వారి బలగం.

అయితే అక్కడ వారికి అనుకొన్నంత బట్ట దొరకలేదు. దొరికినది చౌకగా దొరకలేదు. అక్కడి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కొంటూ పోయాడు. విజయనగర రాజుల కింద ఆ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల సోదరులు మన తెలుగువారే. వందవాసి వైపు వెంకటప్ప నాయకుడు, పూనమల్లి వైపు అయ్యప్ప నాయకుడు. వారి దగ్గర 1639 ఆగస్టులో డే ఒక ఇసుక దిబ్బకు పట్టా సంపాదించాడు. ఆ సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరుమీదే చెన్నపట్నం అన్న పేరు వచ్చింది. 1640లో ఆర్మగాన్ మూటాముల్లె సర్దుకొని కంపెనీవారు అక్కడికి చేరారు. ఆ ఏడు ఏప్రిల్ 23న, అంటే వారి సెయింట్ జార్జ్ పండుగ రోజుకు, లోపలి కట్టడం ఒక కొలిక్కి వచ్చింది. అందుకే దానికి ఫోర్ట్ సెయింట్ జార్జ్ అని పేరు.

బట్ట ఇంకొంచెం చౌకగా దొరికి ఉంటే మహానగరం మన జిల్లాలోనే పుట్టి ఉండేదేమో అని మా వైపు పెద్దలు సరదాగా అనేవారు. సరదా మాట ఎలాగున్నా, వారు వదిలిపోయిన దుగరాజపట్నం తిరిగి పల్లె అయింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో కొత్త ఓడరేవు సందర్భంగా దాని పేరు మళ్లీ సర్కారు కాగితం మీదికి ఎక్కింది. 2022 జిల్లాల విభజనలో ఆ ఊరున్న వాకాడు మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కాగితాల మీద ఊళ్లు ఎలా తిరుగుతాయో మనకు తెలియనిది కాదు.

చందాలతో లేచిన చర్చి

కోట కట్టిన తరువాత దాదాపు నలభై యేళ్ల వరకు అందులో ఇంగ్లీషువారికి వేరే చర్చి లేదు. కోటలోని ఒక గదిలోనే ప్రార్థన చేసుకొనేవారు. విచిత్రమేమంటే, 1642లో వచ్చిన ఎఫ్రాయిం అనే ఫ్రెంచి కపూచిన్ ఫాదిరీ కోటలోని పోర్చుగీసు క్యాథలిక్కుల కోసం అంతకు ముందే చర్చి కట్టాడు. 1746లో మద్రాసు ఫ్రెంచివారి చేతికి పోయి, 1749లో తిరిగి వచ్చిన తరువాత, క్యాథలిక్కులు ఫ్రెంచివారికి సాయపడ్డారన్న అనుమానంతో కంపెనీవారు ఆ చర్చిని కూలగొట్టించారు.

స్ట్రెయిన్షాం మాస్టర్ అనే అధికారి 1678లో మద్రాసు పెద్దగా వచ్చాడు. కచేరీ నడిపే పద్ధతి తెలిసినవాడు, రికార్డులు క్రమంగా ఉండాలని పట్టుబట్టినవాడు. కంపెనీ ఖజానా మీద చేయి వేయకుండా, కోటలోని ఉద్యోగుల దగ్గర చందాలు పోగుచేసి పని మొదలుపెట్టించాడు. 1678 మార్చి 25న, అంటే మేరీమాత పండుగ నాడు, పునాది వేశారు. అందుకే సెయింట్ మేరీ అని పేరు. రెండున్నర యేళ్లలో పూర్తయి 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. ఆనాడు తుపాకులూ ఫిరంగులూ పేల్చారట. ఇండియాలో ఇంగ్లీషువారు కట్టిన చర్చిల్లో నేడు నిలిచి ఉన్నవాటిలో ఇదే పాతది. సూయజ్‌కు తూర్పున ఇంత పాత ఆంగ్లికన్ చర్చి వేరొకటి లేదని చెబుతారు.

కట్టడం ఎందుకలా ఉంది?

ఈ చర్చి నమూనా గీసిన వాడు కోట ఫిరంగి దళానికి చెందినవాడని చెబుతారు. ఆ మాట నమ్మదగినదే. ఫిరంగి ఎలా పేలుస్తారో తెలిసినవాడికే దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

మొదట కట్టిన భాగం పొడవు సుమారు 86 అడుగులు, వెడల్పు 56 అడుగులు. బయటి గోడలు 4 అడుగుల మందం. ఇటుకా సున్నమూ తప్ప వేరొకటి లేదు. పైకప్పు మూడు వరుసల కమానులు, అర్ధచంద్రాకారంగా, పక్కపక్కన మూడు బండి గూళ్లు బోర్లించినట్లు ఉంటాయి. ఆ కప్పు మందం 2 అడుగులు. తలుపులకు, కిటికీలకు తప్ప కట్టడంలో కొయ్య వాడలేదు.

ఇందులోని కిటుకు మన మిద్దె ఇళ్లతో పోల్చుకొంటే తేలికగా అర్థమవుతుంది. మద్రాసు మిద్దె అంటే గోడ నుంచి గోడకు దూలాలు వేసి, వాటి మీద అడ్డకర్రలు పరచి, పైన ఇటుక నిలబెట్టి సున్నం పోయడం. ఎండకు చల్లగా ఉంటుంది, ఖర్చు తక్కువ. కానీ ముట్టడి చేసే శత్రువు రెండు రకాలుగా కొడతాడు. ఒకటి, ఫిరంగి గుండు నేరుగా వచ్చి గోడకు తగలడం. రెండు, మోర్టారు అనే పొట్టి గొట్టపు ఫిరంగి నుంచి మందు కూరిన గుండు ఆకాశంలోకి లేచి నడినెత్తిన పడి పేలడం. ఆ రెండోదానికి మిద్దె నిలవదు. దూలం విరిగితే కప్పంతా కూలుతుంది. కొయ్య అంటుకొంటే లోపలివారు బతకరు.

కమాను కప్పుకు దూలం లేదు కనుక విరిగేది లేదు, కొయ్య లేదు కనుక కాలేది లేదు. పైన పడిన దెబ్బ బరువును కమాను తన వంపులోనుంచి రెండు పక్కలకూ పంచి గోడల మీదుగా భూమిలోకి దింపుతుంది. అయితే కమానుకు ఒక గుణం ఉంది. అది ఎప్పుడూ గోడలను బయటికి తోస్తూ ఉంటుంది. అందుకే మూడు కమానులు పక్కపక్కన కట్టారు. నడుమదాని తోపును అటూ ఇటూ ఉన్నవి ఆపుతాయి. ఆ రెంటి తోపును 4 అడుగుల బయటి గోడ ఆపుతుంది. అందుచేత ఆ గోడ మందం ఆడంబరం కాదు, లెక్క ప్రకారం అవసరం.

గంట గోపురం 1701లోను, దాని కొన శిఖరం 1710లోను వచ్చాయి. మొదట గోపురం చర్చికి అంటుకోకుండా విడిగా కట్టారు. అది చర్చి కన్నా ఎత్తు కనుక శత్రువు గురి దానిమీదే ఉంటుంది. అది కూలినా చర్చి మీద పడకూడదు కదా!

గోడల మీద నున్నటి సున్నపు పూత చేతికి పాలరాయి లాగా తగులుతుంది. మద్రాసు చునాం అని దానికి పేరు. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన సున్నం అది. గుల్లసున్నం సంగతి మన తీరపు ఊళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు. పులికాట్ సరస్సు గుల్ల సున్నానికి పెట్టింది పేరు. అంత మెత్తగా నూరి, అంత ఓర్పుగా మెరుగు పెట్టిన చేతులు ఇంగ్లండు నుంచి ఓడలో దిగినవి కావు.

పరీక్ష వచ్చింది

కట్టిన తరువాత దాదాపు ఎనభై యేళ్లకు ఆ గోడలకు అసలు పరీక్ష వచ్చింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి నల్లవారి పేటను ఆక్రమించి కోటను ముట్టడించాడు. రెండు నెలలు గుండ్లు కురిశాయి. కోటలోని ఇళ్లు అనేకం దెబ్బతిన్నాయి. 1759 ఫిబ్రవరి 16న ఇంగ్లీషు ఓడలు కనబడేసరికి మరునాడు లాలీ ముట్టడి ఎత్తివేశాడు. యుద్ధాల రోజుల్లో ఆ చర్చి సిపాయిల బసగానూ, ధాన్యం కొట్టుగానూ ఉపయోగపడింది. ట్రాన్సిల్వేనియా రైతులు చేసినదే ఇక్కడా జరిగింది. దేవుడి ఇంట్లో గింజలు, గింజల పక్కన మనుషులు.

ఆ ముట్టడిలో ఇంకొక సంగతి జరిగింది. ఇంగ్లీషువారి పాత శ్మశానం కోట బయట ఉండేది. అందులోని పెద్ద పెద్ద సమాధులను చాటు చేసుకొని ఫ్రెంచివారు కోట మీద గుండ్లు పేల్చారు. ముట్టడి తీరాక కంపెనీవారు సమాధులు పడగొట్టించి, పేర్లున్న రాతి పలకలు మాత్రం తెచ్చి చర్చి చుట్టూ నేలమీద పరిపించారు. 1652 నాటి ఎలిజబెత్ బేకర్ సమాధి రాయి వాటిలో ఉంది. ఇండియాలో ఇంగ్లీషువారి పాత శిలాలేఖనం అదే అంటారు. కథ అంతటితో అయిపోలేదు. 1782లో హైదరాలీ భయం ముంచుకొచ్చినపుడు వాటిలో కొన్ని పలకలు పెకలించి, బురుజుల మీద ఫిరంగుల కింద పీటలుగా వేశారు. తరువాత తిరిగి తెచ్చి పరిచారు. చచ్చినవాడికి కూడా కోటలో డ్యూటీ తప్పలేదన్నమాట.

రిజిస్టరులోని పేర్లు

ఈ చర్చిలో 1680 నుంచి నామకరణాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టర్లలో వ్రాశారు. మొట్టమొదటి పెళ్లి 1680 నవంబరు 4న జరిగింది. వరుడు ఎలిహు యేల్. కంపెనీలో రైటరుగా, అంటే మన భాషలో గుమస్తాగా చేరి, గవర్నరు దాకా ఎదిగి, 1692లో ఆ పదవి పోగొట్టుకొన్నాడు. తరువాత అతడు ఇచ్చిన సరకుల ధనంతో అమెరికాలో ఒక కాలేజీ 1718లో అతని పేరు పెట్టుకొంది. నేటి యేల్ విశ్వవిద్యాలయం అదే. 1753 ఫిబ్రవరి 18న పెళ్లాడినవాడు రాబర్ట్ క్లైవ్. అతడూ 1744లో ఏడాదికి 5 పౌన్ల జీతం మీద రైటరుగా దిగినవాడే. మన వృత్తివారే! అయితే వారు పెన్షను కోసం ఆగలేదు, దేశాన్నే పట్టుకొన్నారు.

చర్చిలో సమాధి అయినవారిలో మనకు బాగా తెలిసినవాడు సర్ థామస్ మన్రో. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు కలెక్టరు, 1820 నుంచి మద్రాసు గవర్నరు. రైతు పేరు మీద నేరుగా పట్టా వ్రాసి, రైతు దగ్గరే శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని నిలబెట్టినవాడు. మనం జీవితమంతా వ్రాసిన అడంగళ్లకూ, చేసిన జమాబందీలకూ వెనుక ఆ పద్ధతే ఉంది. 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తిలో పాతిపెట్టి, 1831లో ఇక్కడికి తెచ్చారు. ఆ రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మంచివాడా చెడ్డవాడా అన్న తర్కం కాదు. నా ముప్పై యేళ్ల చాకిరీ ఎవడి ఆలోచనలో మొదలైందో అతడు ఆ రాతి కింద ఉన్నాడు. మనిషికి కొంచెం చిత్రంగానే ఉంటుంది.

లార్డ్ పిగట్ అనే గవర్నరు కథ వేరు. 1776లో సొంత కౌన్సిలు మెంబర్లే అతన్ని పట్టి నిర్బంధించారు. 1777లో ఆ నిర్బంధంలోనే చనిపోతే ఈ చర్చిలోనే పాతిపెట్టారు. 4 అడుగుల గోడ ఫ్రెంచి గుండును ఆపింది గాని, లోపలివారి పగను ఆపలేకపోయింది.

లేని పేర్లు

మేము వెళ్లిన రోజు కోట ద్వారం దగ్గర భద్రతావారు గుర్తింపు కార్డు అడిగారు. లోపల తమిళనాడు సచివాలయం ఉంది కనుక తనిఖీ తప్పదు. నేను పెన్షనరు కార్డు చూపిస్తే ఆ సిపాయి నవ్వి లోపలికి పంపాడు. వెంట చెన్నైలో చదువుకొంటున్న మా మనవరాలు ఉంది. నేలమీది పలకలు, గోడల మీది పాలరాతి ఫలకాలు ఒక్కొక్కటీ నేను కూడబలుక్కొని చదువుతుంటే, ఆ పిల్ల చాలాసేపు ఓపికపట్టి, "తాతయ్యా, ఇన్ని పేర్లు చదివారే, వీటిలో దీన్ని కట్టినవాళ్ల పేరు ఒక్కటైనా ఉందా?" అని అడిగింది.

చందా ఇచ్చినవారు ఉన్నారు, పునాది వేయించినవారు ఉన్నారు, చనిపోయి పడుకొన్నవారు ఉన్నారు. ఇటుక కాల్చినవాడు, గుల్ల నూరినది, కమాను కింద సారువ కట్టి నెలల తరబడి గాలిలో నిలబడి సున్నం మెత్తినవాడు, తట్ట మోసినది, వీరిలో ఒక్కరి పేరూ నాకు కనబడలేదు. ఆ కోట ఊరు తెలుగు నాయకుల పట్టా మీద లేచింది. ఆ ఊళ్లో తమిళులతోబాటు తెలుగువారూ నిండుగా ఉండేవారు. పని చేసిన చేతుల్లో మన చేతులు లేవని ఎవరంటారు? కానీ రిజిస్టరులో ఎక్కకపోతే లేనట్లే. ఆ సంగతి మనకన్నా బాగా ఎవరికి తెలుసు? అడంగల్‌లో సాగుదారు కాలం ఖాళీగా వదిలినందుకు తరతరాలు కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలను మనమందరం చూశాం. తప్పు చేసినది ఒక్కొక్కసారి మన చెయ్యే.

"లేదమ్మా" అన్నాను. అంతకు మించి ఆ పిల్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో రైలు పులికాట్ వైపు నుంచి వస్తుంటే దుగరాజపట్నం గుర్తుకు వచ్చింది. ఒకే మనుషులు కట్టిన రెండు చోట్లు. ఒకదానికి మూడువందల నలభై యేళ్ల పైచిలుకు రిజిస్టరు ఉంది, రెండవదానికి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంది. గోడ మందమే ఈ తేడాకు కారణం కాదు. అక్కడ ఎవరో ఒకరు రోజూ కూర్చొని తారీకు వేసి వ్రాశారు. ఇక్కడ వ్రాసేవారు ఓడ ఎక్కి వెళ్లిపోయారు.

మిత్రులకు ఒక మనవి

మనవాళ్లు వ్రాయలేదని నిందించుకోవడం కూడా న్యాయం కాదు. కల్నల్ మెకంజీ ఊరూరి చరిత్రలు సేకరించినపుడు ఆయనకు కుడిభుజంగా ఉన్నవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, తెలుగువారు. ఊళ్లలో కరణాలు దండకవిలెలు చూసి చెప్పినవీ, వ్రాసి యిచ్చినవీ కైఫీయత్తులుగా నేటికీ చదువుకొంటున్నాం. ఆ కరణాలు కూడా మన బోటి గుమస్తాలే. చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు నిలిపారో, దండు వచ్చినపుడు ఊరు ఎక్కడ దాక్కొన్నదో వారు వ్రాయబట్టే మనకు తెలిసింది.

కాబట్టి నా మనవి ఒక్కటే. మనమందరం ఉద్యోగకాలంలో పరుల పేర్లు లక్షలకొద్దీ వ్రాసినవాళ్లం. ఇప్పుడు తీరిక ఉంది, చెయ్యి ఇంకా ఆడుతున్నది. మీ ఊరి గుడి, మసీదు, చర్చి, చెరువు కట్ట, కాలువ లాకు, ఏదైనా సరే, దాన్ని కట్టిన మేస్త్రీ పేరు, ఇటుక కాల్చినవారి పేరు, మట్టి మోసినవారి పేరు తెలిసిన ముసలివాళ్లు మీ వీధిలో ఇంకా ఉన్నారేమో అడగండి. ఒక నోటుపుస్తకంలో తారీకు వేసి, చెప్పినవారి పేరుతో సహా వ్రాసి ఉంచండి. నేను మా ఊరి పాత బావితో మొదలుపెట్టాను. ఇప్పటికి ఎనిమిది పేర్లు దొరికాయి. ఆరవ పేరు మట్టి మోసిన ఒక ఆడమనిషిది.

ఫిరంగి గుండును ఆపడానికి 4 అడుగుల గోడ కావాలి. మరపును ఆపడానికి ఒక నోటుపుస్తకం చాలు.

సెలవు.